పంటి గార

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం ఎక్కడిది? నల్గొండ పిల్లల గార పళ్లు ఎంత తోమినా ఎందుకు పోవు? పాచికీ గారకీ తేడా ఏమిటి? రోజూ మన నోట్లో నానే ఓ చిన్న మాట వెనక ఉన్న వైద్యం, చరిత్ర, వేదన... ఈ వారం ముఖచిత్ర కథనం.

కింది వరసలో ముందున్న నాలుగు పళ్ల లోపలి వైపు నాలుక కొసతో ఒకసారి తడిమి చూడండి. నున్నగా తగిలితే మంచిదే. గరుకుగా తగిలి, పన్నుకీ పన్నుకీ మధ్య సందే తెలియకుండా అంతా కలిసిపోయినట్టు ఉంటే అది గార. బ్రష్షుతో ఎంత రుద్దినా రాదు. అద్దంలో చూసుకుంటే కనపడదు. నొప్పి అసలే పెట్టదు. అందుకే చాలామంది దాన్ని ఏళ్ల తరబడి నోట్లో మోస్తూనే తిరుగుతారు. పన్ను కదిలిన రోజున గానీ డాక్టరు గుర్తుకు రాడు.

గార సరిగ్గా అక్కడే పేరుకోవడానికి కారణం ఉంది. నాలుక కింద ఉన్న లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది ఆ పళ్ల వెనకే. పై దవడ పళ్లకు బుగ్గ వైపు కూడా అలాంటి నాళమే ఒకటి తెరుచుకుంటుంది, అక్కడా గార ఎక్కువే. లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి ఉంటాయి. పులుపు తిన్నప్పుడు, తీపి తిన్నప్పుడు పంటి పైపొర కోల్పోయే ఖనిజాన్ని తిరిగి పూడ్చేవి అవే. పంటికి అంత మేలు చేసే ఆ ఖనిజాలే, పంటి మీద పాచి పేరుకుని ఉంటే దాన్ని కూడా రాయిలా మార్చేస్తాయి.

పాచి గురించి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. "పాచి మొహంతో కాఫీ ఏంట్రా?" అన్న అమ్మ కేక వినకుండా పెరిగినవాళ్లు మన ఇళ్లలో తక్కువ. దంతవైద్యులు ప్లాక్ అనేది దాన్నే. కోట్ల సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పంటి మీద అల్లుకునే జిగురు పొర అది. పళ్లు తోమిన కొన్ని గంటలకే మళ్లీ మొదలవుతుంది. మెత్తగా ఉన్నంతసేపూ బ్రష్షుకి వస్తుంది, వేపపుల్లకి వస్తుంది, ఓపిగ్గా రుద్దితే వేలికి కూడా కొంతవరకు వస్తుంది. అలా వదిలేస్తే రెండు మూడు రోజుల్లో గట్టిపడటం మొదలై, రెండు వారాలు తిరిగేసరికి చాలా భాగం ఖనిజంగా మారిపోతుంది. ఇక అది గార. పూర్వం మేస్త్రీలు గోడకు మెత్తిన సున్నపు గారలో ఉన్నదీ కాల్షియమే, పంటి గారలో ఉన్నదీ కాల్షియమే. గోడ మీద అది కార్బనేట్, పంటి మీద ఎక్కువగా ఫాస్ఫేట్. ఆరిన గారను చేత్తో తుడిచి గోడ మీంచి తీయగలమా? పంటి మీద కూడా అంతే.

మెత్తనిదానికి ఒక పేరు, గట్టిదానికి ఇంకో పేరు మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నాయి. చిగుళ్ల వైద్యం మొత్తానికీ పునాది ఈ తేడాయే. పాచి తీసుకోవడం మన పని. గార తీయడం వైద్యుడి పని. మొదటిది మనం రోజూ సరిగ్గా చేస్తే రెండోది ఆయనకు తక్కువ మిగులుతుంది.

భయం ఎక్కడ మొదలైంది?

"క్లీనింగ్ మాత్రం వద్దు బాబూ. మా ఆడపడుచు చేయించుకుంది, ఆర్నెల్లు తిరక్కుండానే రెండు పళ్లు ఊడిపోయినయ్."

ఏ ఊళ్లో ఏ దంతవైద్యుణ్ని అడిగినా ఈ మాట వారానికి ఒక్కసారైనా వింటామనే చెబుతారు. చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు. ఆడపడుచు క్లీనింగ్ చేయించుకున్నదీ నిజమే, పళ్లు ఊడిందీ నిజమే. ఆ రెండింటి మధ్యా కలిపిన ముడి మాత్రం తప్పు.

అసలు జరిగేది ఇదీ. గార గరుకుగా ఉంటుంది కాబట్టి దాని మీద కొత్త పాచి తేలిగ్గా పట్టుకుంటుంది. ఆ పాచిలోని సూక్ష్మజీవులతో చిగురు పోరాడుతుంది. ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తోముకుంటే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు మునుపటిలా అవుతుంది. చేయకపోతే పాచి, గార చిగురు కిందికి దిగుతాయి. పైన పసుపు రంగులో ఉండే గార చిగురు కింద ముదురు గోధుమ రంగులో, నల్లగా, మరింత గట్టిగా ఉంటుంది. పన్నుకూ చిగురుకూ మధ్య సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది. పంటిని పట్టుకుని ఉన్న దవడ ఎముక మెల్లగా కరగడం మొదలవుతుంది. ఇదంతా ఏళ్ల తరబడి, నొప్పి లేకుండా జరిగే పని. ఎముక సగానికి సగం పోయాక కూడా కొన్ని పళ్లు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తాయి. ఎందుకంటే పళ్లన్నిటినీ కలిపి గారే కట్టుకట్టి నిలబెడుతోంది.

ఆ దశలో వెళ్లి క్లీనింగ్ చేయించుకుంటారు. డాక్టరు గార తీస్తారు. అప్పటిదాకా గార దాచిపెట్టిన సందులు బయటపడతాయి. వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది కాబట్టి పళ్లు పొడుగైనట్టు కనపడతాయి. గార కింద కప్పబడిపోయిన వేరుకు చల్లగాలి తగిలి జివ్వుమంటుంది. పన్ను కదులుతున్న సంగతి మొదటిసారి తెలుస్తుంది. "బాగున్న పళ్లను పాడుచేశాడు" అనుకోవడం అప్పుడు సహజమే. ఆ పళ్లు వదులైంది మాత్రం అంతకు ముందు గడిచిన ఏళ్లలో. క్లీనింగ్ రోజున తెలిసిందంతే.

ఇందులో డాక్టర్ల బాధ్యతా ఉందని నా అభిప్రాయం. పనిముట్టు చేతిలోకి తీసుకునే ముందే అద్దం చేతికిచ్చి "అమ్మా, ఇదిగో, ఈ పన్ను ఇప్పటికే కదులుతోంది. గార తీశాక సందు కనపడుతుంది, నాలుగు రోజులు జివ్వుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది" అని రెండు నిమిషాలు చెబితే ఆ ఇంట్లో ఇంకో పదిమంది భయం పోతుంది. కుర్చీలో పడుకోబెట్టి, "నోరు తెరవండి" అని మొదలుపెట్టి, "అయిపోయింది" అని ముగిస్తే ఆ భయం ఇంకో తరానికి అందుతుంది.

ఇక క్లీనింగ్‌లో పళ్లు అరిగిపోతాయన్న మాట. ఇప్పుడు ఎక్కువగా వాడే స్కేలర్ కొస సెకనుకు పాతికవేల సార్లకు పైగా కంపిస్తుంది. ఆ కంపనానికి గార పగిలి ఊడుతుంది. వేడి పుట్టకుండా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. గుయ్‌మనే ఆ శబ్దానికి హడలిపోతాం గానీ దాని కొసకు కోసే పదును ఉండదు. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. శిక్షణ ఉన్న చేతిలో స్కేలర్ దానికి చెప్పుకోదగ్గ హాని చేయదు. పళ్లను నిజంగా అరగదీసేవి ఇటుక పొడి, బొగ్గు పొడి, గరుకు బ్రష్షుతో కసిగా అడ్డంగా తోమే అలవాటు. క్లీనింగ్‌కి భయపడేవాళ్లే చాలాసార్లు ఈ పనులు ధైర్యంగా చేస్తుంటారు.

తేయాకు తోటల సాక్ష్యం

పాచే చిగుళ్ల జబ్బుకు మూలమని నిరూపించిన ప్రయోగం 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో జరిగింది. హెరాల్డ్ లో అనే నార్వే దేశపు దంతవైద్యుడు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని ఎంచుకుని, పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నాడు. పది రోజుల నుంచి మూడు వారాల్లోపు ప్రతి ఒక్కరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారం పదిరోజుల్లో తగ్గిపోయాయి.

ఆయనే తర్వాత మన పొరుగున ఉన్న శ్రీలంకకు వచ్చాడు. 1970లో తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీల నోళ్లు పరీక్షించి, పదిహేనేళ్లు వాళ్లను గమనిస్తూ వచ్చాడు. వాళ్లకు బ్రష్షు అలవాటు లేదు, దంతవైద్యం అందలేదు. అందరి పళ్ల మీదా పాచి, గార మెండుగా ఉన్నాయి. 1986లో ఫలితాలు వెలువడ్డాయి. వందలో 8 మందికి జబ్బు వేగంగా ముదిరింది. నలభై అయిదేళ్లు వచ్చేసరికి వాళ్ల నోట్లో ఒక్క పన్నూ మిగల్లేదు. 81 మందికి మధ్యస్థంగా సాగింది, అదే వయసుకు సగటున ఏడు పళ్లు పోయాయి. మిగతా 11 మందికి చిగుళ్ల వాపు దాటి జబ్బు ముందుకు పోలేదు.

పదిహేనేళ్లు పేదల పళ్లు రాలుతుంటే లెక్క రాసుకోవడం ఇవాళ మనసుకు ఒప్పే సంగతి కాదు. ఆ కూలీల నోళ్లే ప్రపంచానికి పాఠ్యపుస్తకం అయ్యాయన్నది మాత్రం వాస్తవం. ఆ పాఠం మనకు బాగా పనికొస్తుంది. "మా తాత జన్మలో బ్రష్షు పట్టలేదు, ఎనభై ఏళ్లకీ చెరుకుగడ నమిలాడు" అని గర్వంగా చెప్పుకునే కుటుంబాలు మనలో బోలెడు. ఆ తాత బహుశా ఆ 11 మంది లాంటివాడు. ఆయన మనవడు ఎటువైపు ఉంటాడో ముందుగా చెప్పలేం. ఎనిమిది మందిలో ఉంటే నలభై అయిదుకే కట్టుడు పళ్లు.

అదే హెరాల్డ్ లో 1993లో ఇంకో మాట రాశాడు. మధుమేహం వల్ల వచ్చే చిక్కుల్లో చిగుళ్ల జబ్బును ఆరోదిగా లెక్కించాలన్నాడు. షుగర్ ఎక్కువగా ఉంటే చిగురు త్వరగా చెడుతుంది. చెడిన చిగురులోని వాపు వల్ల షుగర్ అదుపు తప్పుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స జరిగితే మూడు నాలుగు నెలలకు మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 0.4 శాతం దాకా తగ్గుదల కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. వినడానికి తక్కువే గానీ, ఒక్కోసారి ఇంకో మాత్ర చేర్చడమా వద్దా అన్నది తేలేది ఆ కాస్త దగ్గరే. ఇంటింటికీ షుగర్ మనిషి ఉన్న మన రోజుల్లో పాదాలు చూసుకోమని, కళ్లు చూపించుకోమని చెప్పే డాక్టరు "చిగుళ్లు చూపించుకున్నారా?" అని కూడా అడగాలి.

గారలో దాగిన కాలం

పంటి గారను వైద్యులు పారేస్తారు, పురావస్తు శాస్త్రవేత్తలు దాచుకుంటారు. అందులో ఇరుక్కున్నది వేల ఏళ్లయినా చెక్కుచెదరదు మరి. హరియాణాలోని ఫర్మానాలో సింధు నాగరికత నాటి శ్మశానం బయటపడింది. అక్కడి పళ్లను, వంట కుండలను సూక్ష్మంగా పరీక్షిస్తే పసుపు, అల్లం తాలూకు పిండి రేణువులు దొరికాయి. అంటే నాలుగువేల ఏళ్ల పైచిలుకు కిందటే ఈ నేల మీద ఎవరో పసుపు, అల్లం వేసి వండారు, తిన్నారు. ఏ శాసనంలోనూ లేని ఆ కబురు పళ్లలో నిలిచింది.

జర్మనీలోని దాల్‌హైమ్‌లో దాదాపు వెయ్యేళ్ల కిందటి సన్యాసిని అస్థిపంజరం దొరికింది. ఆమె పంటి గారలో నీలి రంగు రేణువులు కనిపించాయి. అవి లాపిస్ లాజులి. ఆ రోజుల్లో అఫ్గానిస్థాన్ గనుల నుంచి మాత్రమే ఐరోపాకు చేరిన, బంగారమంత విలువైన రాయి. దాని పొడితో పవిత్ర గ్రంథాల్లో బొమ్మలు వేసేవారు. కుంచె కొసను పెదాల మధ్య తడుపుకుంటూ గ్రంథాలు చిత్రించిన కళాకారిణి ఆమె అయి ఉంటుందని 2019లో పరిశోధకులు ప్రకటించారు. పేరు కూడా మిగలని ఓ ఆడమనిషి పనితనానికి ఆమె పంటి గారే సాక్షి.

అసలు మనిషి తన నోట్లోని సూక్ష్మజీవుల్ని తొలిసారి కళ్లారా చూసింది కూడా పంటి మీద నుంచి గీకిన దాంట్లోనే. 1683లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తన పంటి పాచిని సొంతంగా చేసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. అందులో గబగబా ఈదుతున్న జీవాలు కనిపిస్తే లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునే మనిషి ఆయన. అయినా అన్ని కనిపించాయి.

నల్గొండ గార వేరు

మునుగోడు వైపో, మర్రిగూడ వైపో వెళ్లి "గార పళ్లు" అంటే అర్థం మారిపోతుంది. అక్కడ ఆ మాటకు ఫ్లోరోసిస్ అని అర్థం. పై పళ్ల మీద ముందు సున్నం చారల్లాంటి తెల్ల మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ రంగు పట్టీలు, కొందరికి గుంటలు. చూడగానే నోరు శుభ్రం లేని మనిషి అనుకుంటారు. ఎంతోమంది ఆడపిల్లలు నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం, పెళ్లిచూపుల్లో నోరు మెదపలేకపోవడం ఆ ఊళ్లకు కొత్త కాదు.

ఆ రంగు పంటి పైన పేరుకున్నది కాదు, పంటి లోపలిది. పాలపళ్ల కింద, చిగురులో దాగి శాశ్వత పళ్లు తయారయ్యే వయసులో, అంటే పుట్టిన దగ్గర్నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చాక ఆ బోలు పొరలోకి రంగు ఇంకుతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన జాతీయ ప్రమాణం. నల్గొండ గ్రానైటు రాళ్ల సందుల్లోంచి లోతైన బోర్లు తోడిపోసిన నీళ్లలో ఆ హద్దు చాలాచోట్ల దాటిపోయింది. పళ్లతో ఆగలేదు, ఎముకలూ వంగాయి.

భారతదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్యలోకానికి చెప్పింది కూడా తెలుగు నేల నుంచే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గురించి రాశారు. ఇప్పటికీ ఫ్లోరైడ్ మాట వస్తే మొదట వినపడే కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందిస్తే దానికి ప్రపంచమంతా స్థిరపడిన పేరు 'నల్గొండ టెక్నిక్'. జబ్బుకూ మందుకూ ఒకే ఊరి పేరు. 2016లో మొదలైన తాగునీటి పథకం మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు చేరాక అక్కడ పుట్టి పెరిగే పిల్లలకు ఆ గండం తప్పే దారి దొరికింది. ఆ నల్లా నీళ్లే తాగించాలి, వంటకూ అవే వాడాలి. నల్లా సరిగ్గా రావడం లేదని మళ్లీ పాత బోరుకే అలవాటు పడితే పాలపంటి కింది పన్నుకు ఆ తేడా తెలుస్తుంది.

ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఒకటే. ఒకే మాట రెండింటికీ వాడటం వల్ల రెండు వైపులా నష్టం జరుగుతోంది. ఫ్లోరోసిస్ మచ్చను మామూలు గార అనుకుని తల్లులు పిల్లల పళ్లను ఇటుక పొడితో, ఉప్పురాళ్లతో రుద్దిస్తున్నారు. అసలే బలహీనంగా ఉన్న ఎనామిల్ ఇంకా అరిగిపోతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. దానికి దారులు వేరు. మచ్చ పైపైనే ఉంటే దంతవైద్యుడు పలుచగా అరగదీసి మెరుగుపెడతారు, లోతుగా ఉంటే పంటి రంగు పూత వేస్తారు, లేదా పైన పలుచని పొర అతికిస్తారు. రెండో వైపు, "మావి పుట్టు గార పళ్లు, క్లీనింగ్ చేయిస్తే మాత్రం ఏం లాభం?" అని ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు చిగుళ్లనే వదిలేస్తున్నారు. మచ్చల పంటి మీదా అసలైన గార పడుతుంది. అది మిగతావాళ్లలాగే తీయించుకోవాలి.

పొగాకు సంగతీ ఒక మాట. ఖైనీ, గుట్కా, చుట్ట నల్లటి మరకలు వేస్తాయి. గార మీద ఆ రంగు ఇంకా ముదురుతుంది. పొగ తాగేవాళ్ల చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గి, జబ్బు ఎంత ఉన్నా రక్తం పెద్దగా కారదు. అంటే హెచ్చరిక గంటే మోగదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలకు మరకల కన్నా అంగిలి క్యాన్సరు పెద్ద ముప్పు. గార తీయించుకోవడానికి వెళ్లినా సరే, అంగిలి కూడా చూడమని డాక్టర్ని అడగాలి.

ఇంట్లో చేయాల్సింది తక్కువే. మెత్తటి బ్రష్షును పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర ఏటవాలుగా ఆనించి చిన్నగా కదపాలి. ఎక్కువమంది వదిలేసేది పళ్ల లోపలి వైపే, అక్కడ ఇంకో నిమిషం పెట్టాలి. రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దుటి కన్నా ముఖ్యం. వేపపుల్ల తప్పేమీ కాదు గానీ కొస బాగా నమిలి కుంచెలా చేసుకోవాలి, లోపలి వైపుకూ తిప్పాలి. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేయకూడదు. రక్తం వచ్చేది పాచి ఉన్నందుకు. అక్కడే మెత్తగా, శ్రద్ధగా తోమాలి. పది రోజులకూ ఆగకపోతే చూపించుకోవాలి. చిన్నపిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, కాస్త పెద్దయ్యాక బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మడం నేర్పాలి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఎంత బాగా తోమినా కొంత గార పడుతుంది. ఏడాదికోసారైనా, షుగర్ ఉన్నవాళ్లూ పొగాకు అలవాటున్నవాళ్లూ ఆర్నెల్లకోసారి చూపించుకోవడం మంచిది. గర్భిణులకు చిగుళ్లు త్వరగా వాస్తాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్యలో క్లీనింగ్ నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. గర్భం సంగతి డాక్టరుకు ముందే చెబితే చాలు.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. నామమాత్రపు ఖర్చుతో గార తీస్తారు. ఇంట్లో అరవై దాటిన అమ్మో నాన్నో ఉండి, "ఈ వయసులో నాకెందుకురా?" అంటే ఆ మాట వినకండి. ఈ నెలలోనే తీసుకెళ్లండి. పన్ను కదలక ముందే తీసుకెళ్లండి.